రేగడి మీద రోడ్డు: బూడిద, సున్నం, సిమెంటుతో మెత్తనేలను గట్టిపరచడం ఎలా

నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. వానాకాలంలో ఉబ్బి, బండి చక్రాన్ని ఇరుసు దాకా మింగుతుంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఊరి రోడ్లు వేసినవాళ్లెవరికీ ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మామూలుగా చేసే పని, పై మట్టి తీసేసి దూరం నుంచి గ్రావెల్ తోలడం. తెలంగాణలో అయితే మొరం. క్వారీ పది కిలోమీటర్లలో ఉంటే అదే మేలు. నలభై, యాభై కిలోమీటర్లయితే మట్టి ధర కన్నా డీజిల్ ఖర్చే ఎక్కువ. అప్పుడు ఉన్న మట్టినే బాగుచేసుకోవడం గురించి ఆలోచించాలి. థర్మల్ ప్లాంట్ల బూడిద, కొద్దిగా సున్నం, ఇంకా కొద్దిగా సిమెంటు ఉంటే చాలు.

ఈ వ్యాసంలో ఒకే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం: 500 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న ఊరి రోడ్డుకు అడుగున 150 మి.మీ. మందంలో గట్టిపరచిన పొర. ట్రాక్టర్లు, ఆటోలు, అప్పుడప్పుడు ధాన్యం లారీ తిరిగే రోడ్డు అనుకోండి. రోజూ భారీ లారీలు తిరిగే చోట మందాలు వేరు. అక్కడ డిజైన్ ఇంజినీరు చెయ్యాల్సిందే.

లోపల జరిగేది ఏమిటి

రేగడిలో ఉబ్బే గుణం ముఖ్యంగా మాంట్‌మొరిల్లనైట్ అనే బంకమట్టి ఖనిజం వల్ల వస్తుంది. పొరలు పొరలుగా ఉండే ఆ ఖనిజం పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుంటుంది. సున్నం కలిపితే దానిలోని కాల్షియం ఆ పొరలకు అతుక్కున్న సోడియం వంటివాటిని తోసేసి వాటి చోట చేరుతుంది. రేణువులు గుంపులు కట్టి, జిగట మట్టి కాస్తా పొడిపొడిగా మారుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఈ తేడా చేతికి తెలుస్తుంది.

సిమెంటు చేసే పని వేరు. అది నీటితో కలిసి జిగురు కట్టి రేణువులను పట్టి ఉంచుతుంది. ఆ క్రమంలో కొంత సున్నం కూడా విడుదల చేస్తుంది. బూడిదకు పని దొరికేది ఇక్కడే. అందులోని సిలికా, అల్యూమినా ఆ సున్నంతో కలిసి వారాలు, నెలల పాటు నెమ్మదిగా మళ్లీ జిగురు కడతాయి. మన పాత మేడల గోడలకు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవారు కదా, అదీ ఇదే రసాయనం. కాల్చిన బంకమట్టిలోని సిలికాకు సున్నం తోడవడమే.

మన బొగ్గు ప్లాంట్ల బూడిద చాలావరకు తక్కువ కాల్షియం ఉన్నది. నీళ్లు పోసి ఊరుకుంటే అది తనంత తాను గట్టిపడదు. సున్నమో సిమెంటో తోడు ఉండాలి. ఒట్టి బూడిద తోలి, రోలర్ తిప్పి, ‘స్టెబిలైజేషన్ చేశాం’ అనేవాళ్లు కనిపిస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అడుగు 1: మట్టిని తెలుసుకోండి

రోడ్డు పొడవునా కనీసం మూడు చోట్ల గుంట తీసి, పై ఆకులు, వేళ్లు ఉన్న మట్టి పక్కన పెట్టి, కింది మట్టిని సంచుల్లో ల్యాబ్‌కు పంపండి. సివిల్ విభాగం ఉన్న చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ పరీక్షలు చేస్తారు. ఆటర్‌బర్గ్ పరిమితులు (ఎంత తేమకు మట్టి జిగట పడుతుంది, ఎంతకు జారుతుంది), ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (ఎంత ఉబ్బుతుంది), ప్రాక్టర్ కంపాక్షన్ (ఏ తేమ దగ్గర బాగా అణుగుతుంది), నాలుగు రోజులు నానబెట్టిన సీబీఆర్ (బరువును ఎంత మోస్తుంది), సల్ఫేట్ శాతం, సేంద్రియ పదార్థం అడగండి. చాలావరకు ఇవి భారతీయ ప్రమాణం ఐఎస్ 2720లోని వేర్వేరు భాగాల ప్రకారం జరుగుతాయి.

ఫ్రీ స్వెల్ మాత్రం మీరే చూసుకోవచ్చు. ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలజాడీల్లో పోయండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ నింపి, కలియబెట్టి, 24 గంటలు వదిలేయండి. (ఇప్పుడు కిరోసిన్ సంపాదించడమే అసలు పరీక్ష.) నీళ్లలో మట్టి 22 మి.లీ. దాకా, కిరోసిన్‌లో 12 మి.లీ. దాకా ఉందనుకుందాం. తేడా 10ని 12తో భాగిస్తే 83 శాతం. 50 శాతం దాటిన మట్టిని ఉన్నదున్నట్టు రోడ్డు కింద వాడకూడదు.

రిపోర్టులో ముందు చూడాల్సింది ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే మట్టి ఎంత జిగటో చెప్పే అంకె. ఇది 30 దాటితే సిమెంటు నేరుగా కలపకండి. జిగట గడ్డల్లోకి సిమెంటు దూరదు. ముందు సున్నంతో మట్టిని విరగ్గొట్టాలి. తర్వాత సల్ఫేట్. అది 0.2 శాతం దాటినా, సేంద్రియ పదార్థం 2 శాతం దాటినా ఆగి, నిపుణులను అడగాలి. సల్ఫేట్ ఉన్న మట్టిలో సున్నం, సిమెంటు కలిస్తే ఎట్రింజైట్ అనే స్ఫటికం పెరిగి రోడ్డును కింద నుంచి పైకి ఎత్తేస్తుంది. ఉబ్బు తగ్గించబోయి కొత్త ఉబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. ఎరువుల కర్మాగారాల ఫాస్ఫోజిప్సం చవగ్గా దొరుకుతుందని ఇందులో కలపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది స్వయంగా సల్ఫేటే. పరీక్ష లేకుండా దాని జోలికి పోవద్దు.

అడుగు 2: ఏ వ్యర్థం, ఎక్కడి నుంచి

బూడిదంతా ఒకటి కాదు. పొగగొట్టానికి ముందు ప్రెసిపిటేటర్‌లో (పొగలోని బూడిదను పట్టే యంత్రంలో) పట్టిన పొడి బూడిద సన్నగా, చురుగ్గా ఉంటుంది. అది సైలో (పెద్ద గాదె) నుంచి బల్కర్లలో, అంటే పొడి మోసే మూత ట్యాంకర్లలో వస్తుంది. బూడిద చెరువు నుంచి తవ్వినది ముతక, తడి, చురుకుదనం తక్కువ. ఈ పనికి మొదటిదే కావాలి. రెండోది గట్టు నింపడానికి బాగుంటుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం, విశాఖ దగ్గర సింహాద్రి, రామగుండం, పాల్వంచ, ముద్దనూరు దగ్గరి ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ ప్లాంటు). రెండు రాష్ట్రాల్లో చాలా చోట్లకు ఈ ప్లాంట్లలో ఏదో ఒకటి అందుబాటులోనే ఉంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ ప్లాంటుకు 300 కిలోమీటర్ల లోపు రోడ్డు పనుల్లో బూడిద వాడాలి. రవాణా ఖర్చు ఎవరిదన్నది మాత్రం ముందే కాగితం మీద తేల్చుకోండి. తర్వాత మాట పడేది అక్కడే. లోడుతో పాటు ఐఎస్ 3812 (బూడిద నాణ్యత ప్రమాణం) టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.

విశాఖ చుట్టుపక్కల వాళ్లకు ఇంకో దారి ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ను (ముడి ఇనుము తీసే కొలిమిలో మిగిలే చిట్టెం) మెత్తగా రుబ్బిన పొడి (జీజీబీఎస్) సిమెంటులో సగం దాకా చోటు తీసుకోగలదు, సల్ఫేట్‌ను బూడిద కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. కానీ ఉక్కు కొలిమి స్లాగ్ వేరు. దానిలో కలవకుండా మిగిలిన సున్నం తర్వాత తడి తగిలి ఉబ్బుతుంది. నెలల తరబడి ఆరుబయట నీళ్లు పెట్టి మాగబెట్టనిదే వాడకూడదు. పేరులో ‘స్లాగ్’ ఉంది కదా అని రెండింటినీ ఒక గాటన కట్టొద్దు.

గోదావరి జిల్లాల్లో రైస్‌మిల్లుల ఊక బూడిద కూడా పనికొస్తుంది, సరిగ్గా కాలితే అది ఎక్కువ భాగం సిలికాయే. అయితే మిల్లు మిల్లుకూ మారుతుంది. నల్లగా ఉంటే కాలని కార్బన్ ఎక్కువని అర్థం.

అడుగు 3: ల్యాబ్‌లో పాళ్లు తేల్చుకోండి

పక్క ఊరి పాళ్లు మీ ఊరికి పనికిరావు. మట్టి బరువుకు సున్నం 2, 3 శాతం, బూడిద 10, 20, 30 శాతం, సిమెంటు 2, 4, 6 శాతం చొప్పున మిశ్రమాలు చేయించండి. ప్రతి మిశ్రమానికీ తేమ, సాంద్రత కొత్తగా తేల్చాలి. బూడిద కలిస్తే సాంద్రత తగ్గుతుంది. పాత మట్టి అంకెతో కొత్త మిశ్రమాన్ని తూచడం సైట్ల మీద తరచూ చూసే తప్పు. ఒక్కో మిశ్రమంతో 50 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. ఎత్తు స్థూపాలు పోసి, ఆరిపోకుండా చుట్టిపెట్టి, 7వ రోజున కొన్ని, 28వ రోజున కొన్ని ప్రెస్‌లో నొక్కించి బలం చూడాలి. బూడిద ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టి 7 రోజుల అంకె చూసి పెదవి విరవకండి.

తక్కువ ట్రాఫిక్ రోడ్లకు సిమెంటు కలిపిన సబ్‌బేస్ (రోడ్డు అడుగు పొర) 7 రోజుల బలం 0.75 నుంచి 1.5 మెగాపాస్కల్ మధ్య ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఐఆర్‌సీ 37 చెబుతుంది. సైట్‌లో కలపడం ల్యాబ్‌లో కలిపినంత శుభ్రంగా ఉండదు. అందుకే ల్యాబ్‌లో వచ్చే బలం సైట్‌లో కావలసినదానికి ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోవాలి. మిగతా వివరాలకు ఐఆర్‌సీ ఎస్‌పీ 89 దగ్గర పెట్టుకోండి.

ఇంకో పరీక్ష చెప్తాను, ఇది కోడ్‌లో లేదు. ఆరు రోజులు ఆగిన స్థూపాన్ని రాత్రి బకెట్ నీళ్లలో వేయండి. తెల్లారేసరికి అంచులు రాలి, నీళ్లు బురదగా ఉంటే ఆ మిశ్రమాన్ని పక్కన పెట్టేయొచ్చు, ప్రెస్ దాకా తీసుకెళ్లక్కర్లేదు.

అడుగు 4: లెక్క

మన మట్టికి 100 భాగాల మట్టి, 3 సున్నం, 20 బూడిద, 4 సిమెంటు ఖాయమయ్యాయనుకుందాం. ల్యాబ్ సాంద్రత ఘనమీటరుకు 1.60 టన్నులు. రోలింగ్ తర్వాత సైట్‌లో రావాల్సింది దానిలో 97 శాతం, అంటే సుమారు 1.55.

పొర పరిమాణం 500 × 4 × 0.15 = 300 ఘనమీటర్లు. పొడి బరువు 465 టన్నులు. దీన్ని 127 భాగాలుగా పంచితే మట్టి 366, సున్నం 11, బూడిద 73, సిమెంటు 14.6 టన్నులు. అంటే సిమెంటు 293 బస్తాలు. పగిలిపోయేవి, తడిసేవి ఉంటాయి కాబట్టి 300 తెప్పించండి. 10 మీటర్ల రోడ్డుకు 6 బస్తాలు, టన్నున్నర బూడిద, 220 కిలోల సున్నం. మేస్త్రీకి చెప్పాల్సింది ఈ మూడు అంకెలే. శాతాలు చెబితే సైట్ మీద తారుమారవుతాయి.

నీళ్లు: మిశ్రమానికి 20 శాతం తేమ కావాలంటే 93 టన్నులు. మట్టిలో ముందే 12 శాతం ఉంటే 44 టన్నులు వచ్చేసినట్టే. మిగిలినవి 49 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. ఎండకు పోయేది అదనం.

ఇక్కడొక చిక్కు ఉంది. 366 టన్నుల మట్టి కావాలంటే, నేలలో ఉన్న మట్టి పొడి సాంద్రత 1.4 అనుకుంటే, తవ్వాల్సింది 130 మి.మీ. లోతే. మిగతా మందం బూడిద, సిమెంటే ఇస్తాయి. ‘150 పొర కదా’ అని 150 లోతు దున్నితే మట్టి పెరిగి, సిమెంటు పాలు మీకు తెలియకుండానే తగ్గిపోతుంది.

అడుగు 5: దున్నడం, సున్నం పెట్టడం

జనవరి నుంచి మే మధ్య పని పెట్టుకోండి. మట్టి పదునులో ఉన్నప్పుడు దున్నితే సగం శ్రమ తప్పుతుంది. ఎండి రాయిలా ఉంటే ముందు రోజు సాయంత్రం నీళ్లు కొట్టి, పదును వచ్చాక కల్టివేటర్, ఆపైన రొటావేటర్ తిప్పండి. పొలానికి వాడే రొటావేటరే చాలు. కాకపోతే పొలానికి రెండుసార్లు తిప్పేవాడిని ఇక్కడ నాలుగైదుసార్లు తిప్పమంటే విసుక్కుంటాడు. కిరాయి గంటకు మాట్లాడుకోండి, ఎకరానికి కాదు.

సున్నం పరచి, తడిపి, రొటావేటర్‌తో కలపండి. తేలిగ్గా ఒకసారి రోలర్ తిప్పి, పైన తేమ పోకుండా చూస్తూ ఒకటి రెండు రోజులు వదిలేయండి. చల్లార్చిన సున్నం పొడే వాడండి. చల్లార్చని సున్నం చెమట తగిలిన ఒంటిని కాలుస్తుంది. కూలీలకు గాగుల్స్, చేతి తొడుగులు, గమ్ బూట్లు, ముక్కుకు మంచి మాస్కు ఇవ్వకుండా సంచి విప్పనివ్వకండి. బూడిద దుమ్ము కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలి వీచే పూట పరచొద్దు.

మాగిన తర్వాత మళ్లీ దున్ని చూడండి. గడ్డలన్నీ 26.5 మి.మీ. జల్లెడలో, కనీసం 80 శాతం 5.6 మి.మీ. జల్లెడలో దూరాలి. ఈ పనంతటిలో నేను రాజీ పడనిది ఈ జల్లెడ దగ్గరే.

పని నేర్చుకునే రోజుల్లో ఒక సైట్‌లో గడ్డలు విరగడం లేదని, దానికి బదులుగా సిమెంటు 4 నుంచి 7 శాతానికి పెంచారు. కాగితం మీద అది మంచి పనే. మొదటి వానలకు రోడ్డు అక్కడక్కడ మెత్తబడింది. తవ్వి చూస్తే గుప్పెడంత గడ్డలు, పైన తెల్లగా గట్టి పెంకు, లోపల నల్లగా పచ్చి రేగడి. పైన వేగి లోపల పిండి పచ్చిగా ఉన్న బజ్జీలా ఉంది. గడ్డలు లేని చోట ఎక్కువైన సిమెంటు బిగుసుకుని, రోడ్డుకు అడ్డంగా వేలు పట్టే బీటలు వదిలింది. బస్తాలు పెంచితే రెండు రకాల నష్టం. గడ్డ విరిస్తే 4 శాతమే చాలేది.

అడుగు 6: రెండు గంటల పరుగు

ముందు బూడిద పరచి, పొడిగా ఉండగానే మట్టితో కలపండి. ఇందులో తొందర లేదు. సిమెంటు పడ్డ క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. కలపడం, తడపడం, రోలింగ్ అన్నీ రెండు గంటల్లో ముగియాలి. అందుకే ఒకేసారి 500 మీటర్లు వేయకుండా 50 మీటర్ల ముక్కలుగా చేయండి. ముక్కకు 30 బస్తాలు. తెల్లవారి ఆరింటికే మొదలుపెడితే ఎండ ముదిరేలోపు రెండు ముక్కలు అయిపోతాయి.

బస్తాలను ముందే రోడ్డు మీద లెక్క ప్రకారం పేర్చండి: 10 మీటర్లకు మూడేసి చొప్పున రెండు వరుసలు. అన్నీ పేర్చాక ఒకేసారి విప్పి, పళ్లున్న రేక్‌లతో సమంగా పరచండి. రొటావేటర్ రెండుసార్లు పొడిగా, ఆపైన నీళ్లు కొడుతూ రంగు ఒకేలా వచ్చేదాకా తిప్పాలి.

తేమ సరిపోయిందో లేదో గుప్పిట్లో పట్టి చూడండి. గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు. నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి, పొడిగా రాలిపోకూడదు. మే నెల ఎండలో లెక్క కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ తడపడమే నయం.

కలిసిందో లేదో చూడడానికి ఫినాఫ్తలీన్ (సున్నం తగిలితే రంగు మారే మందు) ద్రావణం సీసా జేబులో ఉంచుకోండి. అడ్డంగా చిన్న గుంట తీసి దాని గోడ మీద చల్లితే సున్నం, సిమెంటు కలిసిన చోటల్లా గులాబీ రంగు వస్తుంది. రంగు రాని మచ్చ ఉంటే అక్కడ కలవలేదు. లోతు కూడా ఆ గులాబీ గీతతోనే తెలుస్తుంది. చవకైన మందే, అయినా వాడేవాళ్లు అరుదు.

తర్వాత గ్రేడర్‌తో వాలు సరిచేసి, 8–10 టన్నుల రోలర్ అంచుల నుంచి మధ్యకు తిప్పండి. గంటల తర్వాత గుంతలు కనిపించాయని పైన పల్చగా మట్టి చల్లి పూడ్చొద్దు. ఆ పొలుసు లేచిపోతుంది. రెండో రోజు పని మొదలుపెట్టేటప్పుడు నిన్నటి చివరను నిటారుగా కోసి, తడిపి, అక్కడి నుంచి కలపండి. ప్రతి ముక్కకు ఒకటి రెండు చోట్ల ఇసుక పోసే పద్ధతిలో (చిన్న గుంట తీసి, ఇసుక పోసి దాని పరిమాణం కొలిచి) సాంద్రత చూసి, 97 శాతం లేకపోతే అప్పుడే ఇంకో రెండుసార్లు రోలర్ తిప్పించాలి. మర్నాడు తిప్పితే పట్టిన జిగురు విరుగుతుంది, ప్రయోజనం ఉండదు.

అడుగు 7: ఏడు రోజులు తడి ఆరనివ్వకండి

గడ్డి, గోనె పట్టాలు లేదా ప్లాస్టిక్ షీట్ కప్పి, రోజూ తడపండి. తడిసి, ఆరి, మళ్లీ తడిస్తే పైపొర పొడిరాలుతుంది. ఏడు రోజులు ట్రాక్టర్లను ఆపడం ఊళ్లో అన్నిటికన్నా కష్టమైన పని. పక్కన దారి ముందే ఏర్పాటు చేయకపోతే, కోతల కాలంలో ఎవరూ మీ మాట వినరు.

అడుగు 8: పైన కప్పు, పక్కన కాలువ

ఈ పొర నేరుగా చక్రాల కింద ఉండేది కాదు, అరిగిపోతుంది. పైన కనీసం ఒక కంకర పొర, దాని మీద తారు ఉండాలి. సన్న బీటలు పైకి పాకకుండా ఆపేది కూడా ఆ కంకరే.

పొర కింద రేగడి ఇంకా రేగడే. దానికి తడి చేరకుండా చూడాలి. పక్క కాలువలు పల్లం చూసి తవ్వండి, ఊళ్లో అయితే లైనింగ్ చేయండి. భుజాలను, అంటే రోడ్డుకు రెండు పక్కలా ఉండే మట్టి పట్టీలను, రోడ్డు కన్నా కొంచెం పల్లంగా ఉంచండి. భుజాల్లో పచ్చి రేగడి నింపితే వానకు ఉబ్బి, నీటిని లోపలికే పంపుతుంది. రోడ్డు అంచుకు తుమ్మ, యూకలిప్టస్ నాటొద్దు. వాటి వేళ్లు ఎండాకాలంలో ఒకవైపు తేమ లాగి అంచు పొడవునా బీట తెస్తాయి.

తాగునీటి బావి, చెరువు పక్కన, భూగర్భ జలం పైకి వచ్చే చోట బూడిద మిశ్రమం వాడకండి. బూడిదలో కొద్ది మోతాదులో భార లోహాలు ఉంటాయి. సిమెంటు చాలావరకు కట్టి ఉంచుతుంది, అయినా నీళ్లలో మునిగే చోటు దానికి తగదు.

కాకినాడ, విశాఖ తీరాల్లోని సముద్రపు బురద మట్టికి ఇదంతా సరిపోదు. అక్కడ మెత్తదనం మీటర్ల లోతు ఉంటుంది. యంత్రంతో లోతుగా గుచ్చి సిమెంటు కలిపే పద్ధతులు వేరు.

మొదటి వానాకాలం పూర్తయ్యాక, అక్టోబర్‌లో ఒకసారి నడిచి చూడండి. అడ్డంగా సన్న బీటలు ఉంటే కంగారు లేదు, తారు పోసి మూసేయండి. నిలువుగా, అంచుకు దగ్గరగా పొడవు బీట ఉంటే అక్కడ కాలువ చూడండి, చాలాసార్లు పూడిపోయి ఉంటుంది. గుండ్రంగా చిన్న మెత్తని మచ్చలు ఉంటే అవి విరగని గడ్డలే. అడుగున్నర వెడల్పు తవ్వి, కొత్త మిశ్రమం అదే పాళ్లలో కలిపి కూరి, ఏడు రోజులు తడపాలి.